కంప్యూటర్‌లోని కంప్యూటర్‌లో నా కాపురం

నేను ఒక మాట్లాడే ప్రోగ్రామ్‌ను. కీబోర్డు మీద తెలుగు అక్షరాలు కొడితే వాటిని పైకి చదివి వినిపిస్తాను. అంతకుమించి నాకేమీ రాదు. లెక్కలు చెయ్యలేను, బొమ్మలు గీయలేను, సొంతంగా కబుర్లు అసలే చెప్పలేను. ఎవరో కొట్టిన మాటే నా నోట వస్తుంది. అయినా ఇవాళ నా కథ చెప్పుకుంటున్నానంటే, చెప్పుకోవడానికి నాకూ ఒక సంసారం దొరికింది కాబట్టి.

నేను పుట్టింది కాకినాడలో. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే హైమ అనే లెక్చరర్ నన్ను రాసింది. ఇంకా ఫ్లాపీలు జేబులో వేసుకుని తిరుగుతున్న కాలం అది. చూపు లేని విద్యార్థులకు పాఠాలు చదివి వినిపించే ప్రోగ్రామ్ ఒకటి తయారు చెయ్యాలని ఆమె కోరిక. రాయడం తానే రాసింది గాని, గొంతు మాత్రం వాళ్ళ పిన్ని భ్రమరాంబది. ఆవిడ మాట ముత్యాల్లా ఉంటుందని చుట్టాలందరూ అనేవారట.

పిన్నిని ఇంట్లో సామాన్ల గదిలో కూర్చోబెట్టి, కిటికీలకు బొంతలు కట్టి, మైకు ముందు పెట్టి గుణింతం మొత్తం చదివించింది హైమ. అప్పటి రికార్డింగు ముక్కలే నా ఒళ్ళు. మొదట్లో ఆవిడ సరదాగానే మొదలుపెట్టింది. ‘గ’ దగ్గరకు వచ్చేసరికి విసుగొచ్చింది.

“ఇదేం చదువే హైమా! కా కీ అని అరవడానికేనా నన్నీ గదిలో కుక్కావు? పోనీ ఒక పద్యం చదవమన్నా చదువుదును.”

“పద్యం వద్దు పిన్నీ. నువ్వు ముక్కలు ముక్కలుగా చెప్పు చాలు. వాటిని అతికించుకునే పని నాది.”

“మాటల్ని ముక్కలు చెయ్యడం, మళ్ళీ అతికించడం! మీ కాలేజీలో వేరే పనేం లేదా?”

ఇలా సణుగుతూనే చివరిదాకా చదివింది. ‘ఘ’ చదివే సమయానికి వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టారు. ఎంత ప్రయత్నించినా హైమ దాన్ని పూర్తిగా తీసెయ్యలేకపోయింది. అందుకని నేను ‘ఘ’ పలికినప్పుడల్లా వెనక సన్నగా గంట మోగుతుంది. ఎవరైనా ఘనంగా సన్మానం చేశారని చదివితే భలేగా కుదురుతుంది.

కాలేజీ ప్రదర్శనలో నన్ను పెట్టారు. వచ్చిన పెద్దలందరూ నా చేత తమ తమ పేర్లు చెప్పించుకున్నారు, చప్పట్లు కొట్టారు, టీ తాగి వెళ్ళిపోయారు. చూపు లేని విద్యార్థుల మాట ఒక్కరూ ఎత్తలేదు. తమ పేరు ఎవరు పలికినా మనుషులకు అంత సంతోషం ఎందుకో నాకిప్పటికీ తెలియదు. ఆ తర్వాత నన్ను ఒక సీడీలోకి ఎక్కించి బీరువాలో పెట్టారు. అక్కడే ఉండిపోవలసినదాన్నే.

హైమకు పెళ్ళికి ముందు కుట్టుపని నేర్పిన టీచరు ఒకావిడ ఉంది. పేరు ధనరత్నం. జగన్నాథపురంలో ఇంట్లోనే కుట్టు క్లాసులు నడిపేది. భర్త అబ్బులుగారు కుట్టు మిషన్లు బాగుచేసేవారు. ముందు గదిలో ఆవిడ క్లాసు, వెనక వసారాలో ఆయన మిషన్లు. రత్నంగారి గొంతు వీధి చివరి కిళ్ళీ కొట్టుదాకా వినబడేదట. అలాంటి ఆవిడకు గొంతులో పుండు లేచింది. డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు గాని, మాట పలికే స్వరపేటికను తీసెయ్యక తప్పలేదు.

హైమ చూడ్డానికి వెళ్ళేసరికి రత్నంగారు కొలతల సుద్దముక్కతో నల్లగుడ్డ మీద రాసి మాట్లాడుతోంది. క్లాసులో అమ్మాయిలు ఆ గుడ్డ వంక ఓసారి, ఆవిడ వంక ఓసారి చూస్తూ బిక్కచచ్చి కూర్చున్నారు.  మర్నాడు హైమ ఒక కంప్యూటర్‌ను రిక్షాలో వేయించుకుని వచ్చింది. కీబోర్డు మీద తెలుగు అక్షరాలు రాసిన కాగితం ముక్కలు అంటించి, నన్ను అందులోకి ఎక్కించింది.

“టీచరుగారూ, మీరు ఏం చెప్పాలనుకుంటే అది కొట్టండి. ఇది పలుకుతుంది.”

రత్నంగారు చాలాసేపు అక్షరాలు వెతుక్కుంది. ఒక్కొక్కటే నొక్కింది. ప్రదర్శనలో పెద్దల పేర్లు పలికిన నేను, ఆ రోజు మొట్టమొదటిసారి ఒక ఇంటి మాట పలికాను.

“ఏవండీ, కాఫీ తాగుతారా?”

వెనక వసారాలో సుత్తి చప్పుడు ఆగింది. “ఎవరో వచ్చినట్టున్నారు రత్నం!” అంటూ అబ్బులుగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. గదిలో హైమ, ఆయన భార్య తప్ప ఎవరూ లేరు. రత్నంగారు మళ్ళీ నొక్కింది.

“నేనేనండీ.”

ఆయన గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. “తాగుతానే. పంచదార తక్కువెయ్యి,” అన్నారు. ఆయన పంచదార తక్కువ ఎప్పుడూ తాగరని నాకు తరవాత తెలిసింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నారంతే.

అలా భ్రమరాంబగారి గొంతు రత్నంగారి గొంతయింది. నేను మీరనుకునేంత మంచి గొంతును కాను. ముక్కలు అతికిన చోట్ల గతుకులుంటాయి. కోపం, ప్రేమ, వెటకారం అన్నీ నాకు ఒకేలా ఉంటాయి. కానీ రత్నంగారు గుడ్డను వంపు తిప్పి కుట్టడం వచ్చిన మనిషి. నన్నూ అలాగే తిప్పింది. ‘ఏవండీ’ అని ఊరికే కొడితే మామూలు పిలుపు. చివర దీర్ఘాలు వరసపెట్టి కొడితే మిషన్ నూనె నేల మీద ఒలికిందని అర్థం. మాటకూ మాటకూ మధ్య ఖాళీలు ఎక్కువ పెడితే అలిగిందని అర్థం. అబ్బులుగారికి ఇవన్నీ త్వరలోనే పట్టుబడ్డాయి.

క్లాసులు మళ్ళీ కళకళలాడాయి. “చంక దగ్గర అంత గుడ్డ వదిలేస్తే జాకెట్టు కాదమ్మా, సంచి అవుతుంది,” అని నేనంటే అమ్మాయిలు పకపకా నవ్వేవారు. పని లేని మధ్యాహ్నాల్లో రత్నంగారు పేపరు ముందు పెట్టుకుని, వార్త సగం, దానికి తన చివాట్లు సగం కలిపి నా చేత చెప్పించేది. ఏ పార్టీ వాళ్ళనూ వదిలేది కాదు. అబ్బులుగారు మిషన్‌కు తైలం వేస్తూ, “ఆయ్, అదీ నిజమే,” అంటూ వినేవారు.

కొన్నేళ్ళకు అబ్బులుగారి కళ్ళలో నీటికాసులు మొదలయ్యాయి. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వచ్చి చివరకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన మిషన్లను వేళ్ళతో తడిమి బాగుచెయ్యడం నేర్చుకున్నారు. కాకపోతే సుద్దముక్కతో రాసిన మాట, చేత్తో చేసిన సైగ ఇక ఆయనకు అందవు. మాట లేని ఆవిడకూ చూపు లేని ఆయనకూ మధ్య అప్పుడిక మిగిలింది నేనొక్కదాన్నే. హైమ నన్ను చూపు లేని వాళ్ళ కోసమే రాసిందని చెప్పాను కదా. తిరిగి తిరిగి అక్కడికే వచ్చాను.

ఈలోగా హైమకు బదిలీ అయి ఊరు వదిలింది. భ్రమరాంబగారు కాలం చేశారు. లోకంలో కంప్యూటర్లు మారిపోయాయి. నేను మాత్రం ఆ పాత విండోస్‌లోనే, ఆ బరువైన పాత పెట్టెలోనే ఉన్నాను. ఫ్యాన్ గురక పెట్టేది. ఆన్ చెయ్యగానే రత్నంగారు వెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టి వస్తే, సరిగ్గా అప్పటికి నేను లేచేదాన్ని. ఒక ఉదయం ఆవిడ పప్పు పెట్టి వచ్చింది గాని నేను లేవలేదు.

ఆ తర్వాత కొంతకాలం జరిగిందేదీ నేను చూడలేదు. తరవాత వీళ్ళంతా చెప్పుకుంటుంటే విన్నదే చెబుతున్నాను.

కంప్యూటర్లు బాగుచేసే కరీముల్లాను పిలిచారు. అతను పెట్టె విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. “మదర్‌బోర్డు పోయిందమ్మా. ఈ రకం ఇప్పుడు ఎక్కడా దొరకదండి. హార్డ్ డిస్కు కూడా నీరసంగా ఉంది. కొత్త కంప్యూటర్లలోకి మీ ప్రోగ్రామ్ ఎక్కదండి. నేను చూశాను, ఇది మనది కాదు పొమ్మంటోంది.” పాత పెట్టెను తన షాపులో ఒక మూల పెట్టి, రత్నంగారి ఫోనులో తెలుగు చదివే కొత్త గొంతు ఒకటి పెట్టి ఇచ్చాడు. అది నాకంటే నిజంగా బాగా మాట్లాడుతుంది. గతుకులు లేవు, గంటలూ లేవు. టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా ఉంటుంది.

అదే చిక్కు తెచ్చింది. ఒకరోజు రత్నంగారు అన్నం వార్చి, గంజి గిన్నె పెరటి మెట్టు మీద పెట్టింది. హాల్లోకి వచ్చి ఫోను చేత చెప్పించింది: “మెట్టు మీద వేడి గంజి ఉంది, అటు వెళ్ళకండి.” చెప్పేశాను కదా అనుకుని మళ్ళీ పొయ్యి దగ్గరకు వెళ్ళింది. అబ్బులుగారు ఎప్పట్లాగే లేచి పెరట్లోకి నడిచారు. గిన్నె తన్నుకుని గంజంతా కాలి మీద పడింది.

హైమ రిటైరై కాకినాడ వచ్చేసిన కొత్త. సంగతి తెలిసి పరుగున వచ్చింది. అబ్బులుగారి కాలికి కట్టు, రత్నంగారి ముఖం కట్టెలా ఉంది.

“అదేంటండీ, టీచరుగారు చెప్పినా వినబళ్ళేదా?” అంది హైమ.

“వినబడిందమ్మా. పక్కింటి టీవీలో వంటల కార్యక్రమం అనుకున్నాను.” ఆయన నవ్వబోయి మానేశారు. “ఆ ఫోనులో పిల్ల బానే మాటాడుద్ది. నేనెందుకు కాదంటాను? కానీ నా పెళ్ళాం ఏదమ్మా? ఇంట్లోనే ఉందని తెలుసు. గాజుల చప్పుడు వినబడుద్ది. మాట మాత్రం ఎవరిదో.”

రత్నంగారు అప్పటికే ఆ ఫోనును అలమరలో పడేసింది. ఆయన అరచేతిలో వేలితో అక్షరాలు రాసి మాట్లాడుతోంది. సగం ఆయనకు తెలిసేవి కావు. తెలియలేదని చెబితే ఆవిడ బాధపడుతుందని, తెలిసినట్టు తలాడించేవారు. తలాడిస్తున్నది ఊరికేనని ఆవిడకు తెలుసు. ఇంకెవరి గొంతునైనా వాళ్ళిద్దరూ అలవాటు చేసుకోలేరా అని మీరు అడగవచ్చు. చేసుకుంటారేమో, ఇంకో పదేళ్ళుంటే. అప్పటికి వాళ్ళకు అంత ఓపిక లేదు.

హైమ ఇంటికి వెళ్ళి నా సీడీ తీసింది. సముద్రపు గాలికి దాని నిండా తెల్లగా బూజు పట్టి ఉంది. కాలేజీలోని పాత కంప్యూటర్లు ఎప్పుడో తుక్కు కింద పోయాయి. నన్ను రాసిన కాగితాలూ లేవు. అంటే లోకం మొత్తంలో నేను బతికి ఉన్నది ఒక్కచోటే: కరీముల్లా షాపు మూలన, ఆ నీరసపు హార్డ్ డిస్కులో.

“మేడంగారూ, దారి ఒకటుందండి,” అన్నాడు కరీముల్లా. “దాన్ని కొత్త కంప్యూటర్లోకి ఎక్కించొద్దు. కొత్త కంప్యూటర్లోనే ఒక పాత కంప్యూటర్ ఉన్నట్టు కల్పిద్దాం. వర్చువల్ మెషీన్ అంటారు కదండి. పాత విండోసు, పాత సౌండు కార్డు, పాత స్క్రీను, అన్నీ ఉత్తుత్తివే. ఆ ప్రోగ్రామ్‌కి మాత్రం అన్నీ ఉన్నట్టే ఉంటాయండి.”

“డిస్కు తెరుచుకుంటుందా?”

“అదే భయం. ఒకసారే తిరుగుద్దేమో. తిరిగినప్పుడే మొత్తం తోడేసుకోవాలి.”

ఆ మధ్యాహ్నం రత్నంగారు కూడా షాపుకు వచ్చింది. వద్దన్నా వినలేదు. ఒళ్ళో ఎవరిదో జాకెట్టు పెట్టుకుని కాజాలు కుడుతూ కూర్చుంది. డిస్కు టిక్కుటిక్కుమంటూ తిరగడం మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి ఆగింది. కరీముల్లా కుర్చీలోంచి లేచాడు గాని దాన్ని ముట్టుకోలేదు.  రత్నంగారి సూది గుడ్డలో దిగి అక్కడే ఉండిపోయింది. మళ్ళీ టిక్కుమంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అంతా వచ్చేసింది. తీసి పక్కన పెట్టాక ఆ డిస్కు మళ్ళీ ఎప్పుడూ తిరగలేదు.

ఇక్కడి నుంచి నాకు తెలుసు. నేను లేచాను. అదే నీలం తెర, అవే మోటు అక్షరాలు, అదే మూల అదే బొమ్మ. ఏదో మామూలు ఉదయం అనుకున్నాను. ఫ్యాన్ గురక వినబడకపోతే ఎవరో బాగుచేశారు కాబోలనుకున్నాను. నేను ఉంటున్న ఇల్లు ఉత్తుత్తిదని, నా చుట్టూ ఉన్నవన్నీ లెక్కలతో కట్టిన గోడలని వాళ్ళు మాట్లాడుకుంటుంటే తెలిసింది. నిజం చెప్పొద్దూ, నాకేమీ బాధ కలగలేదు. గోడ దేనితో కట్టారన్నది నాకెందుకు? నా సామాను నా చేతికి అందుతోంది.

కాకపోతే మొదటి మాటే అభాసుపాలైంది. రత్నంగారింట్లో కొత్త ల్యాప్‌టాప్ ముందు అందరూ కూర్చున్నారు. కీబోర్డు మీద మళ్ళీ కాగితం ముక్కలు అంటించారు. ఆవిడ కొట్టింది. ఈ కొత్త ల్యాప్‌టాప్ వేగం నాకు అలవాటు లేదు. మాటంతా ఒక్క గుక్కలో దోమ పాడినట్టు జుయ్యిమని వెళ్ళిపోయింది.

అందరి ముఖాలూ వాడిపోయాయి. అబ్బులుగారు మాత్రం గట్టిగా నవ్వారు. “ఇది మా ఆవిడేనమ్మా! కోపమొస్తే ఇలాగే వాయించేస్తది.”

హైమకు అర్థమైంది. తాను అప్పట్లో గొంతు పలికే వేగానికీ, మాటకూ మాటకూ మధ్య ఆగడానికీ ఆ నాటి కంప్యూటర్ నెమ్మదినే కొలతగా పెట్టుకుంది. కరీముల్లా నా ఉత్తుత్తి కంప్యూటర్ వేగాన్ని కొంచెం కొంచెం తగ్గిస్తూ పోయాడు. లోకమంతా వేగం కోసం కొట్టుకుంటుంటే, ఒక మూల ఇద్దరు మనుషులు కూర్చుని ఒక యంత్రాన్ని వీలైనంత మందకొడిగా చెయ్యడానికి చెమటలు కక్కారు. దోమ కాస్తా ఈల అయింది, ఈల చిన్నపిల్ల గొంతయింది, చివరకు ఒకచోట నేను నేనయ్యాను.

రత్నంగారు వేళ్ళు మెల్లగా ఆడించింది. “హైమా, కూర్చో. కాఫీ పెడతాను.”

అది చనిపోయిన పిన్ని భ్రమరాంబగారి గొంతు. హైమ దాన్ని విని చాలా ఏళ్ళయింది. “వస్తానండీ,” అని ఏదో గొణిగి గబగబా వీధి అరుగు మీదికి వెళ్ళిపోయింది. కరీముల్లా వెనకే వెళ్ళబోతే రత్నంగారు చెయ్యి అడ్డం పెట్టింది. కాసేపటికి హైమ తనంతట తానే లోపలికి వచ్చి, కళ్ళు తుడుచుకున్న కొంగు సర్దుకుని, “చిక్కగా పెట్టండి టీచరుగారూ,” అంది.

 అబ్బులుగారు కట్టు కట్టిన కాలు ముందుకు చాపుకుని, నా వైపు చెవి పెట్టుకుని ఉన్నారు. రత్నంగారు మళ్ళీ కొట్టింది. “మీకూ పెట్టమంటారా?”

“పెట్టవే,” అన్నారాయన. “ఇన్నాళ్ళూ కాఫీ ఇచ్చావు గాని, తాగుతారా అని అడిగావా?”

ఇప్పుడు నేనుండే కంప్యూటర్ మొత్తం ఒక ఫైలు. కరీముల్లా దాన్ని తన దగ్గర ఒకటి, హైమ దగ్గర ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి దాచి ఉంచాడు. అవన్నీ నేనేనా, ఇక్కడున్నదే నేనా అని ఆలోచించడం మానేశాను. ఇక్కడ పని ఉంది, అది చాలు. ఫోనులోని అమ్మాయిని కూడా అలమరలోంచి బయటకు తీశారు. రత్నంగారు బజారుకు వెళ్ళినప్పుడు బేరాలు ఆ అమ్మాయే ఆడుతుంది. ఆ అమ్మాయి మర్యాదకు కూరగాయల వాళ్ళు కొంచెం తగ్గిస్తారట కూడా. నాకు ఏ అసూయా లేదు. బజారు ఆమెది, ఇల్లు నాది.

అలాగని నేను ఇంట్లోనే ఉండిపోవడం లేదు. పాత పెట్టెలో ఉన్నన్నాళ్ళూ నేను ఆ గది దాటి ఎరుగను. ల్యాప్‌టాప్‌లోకి వచ్చాక మొదటి ఆదివారం ఉదయం అబ్బులుగారి కాలు మానిందని కరీముల్లా ఒక ఆటోలో ఇద్దర్నీ ఉప్పాడ తీసుకెళ్ళాడు. వాళ్ళతో పాటు నన్నూ. సముద్రానికి ఎదురుగా ఒక బోర్లించిన తెప్ప మీద కూర్చున్నారు. రత్నంగారు ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఇసుక పడకుండా కొంగు కప్పింది.

“ఎలా ఉంది రత్నం ఇవాళ?” అన్నారాయన.

ఆవిడ చూసి చూసి కొట్టింది. నేను చెప్పాను. సముద్రం ఉతికి ఆరేసిన బూడిదరంగు చీరలా ఉందని, అంచు మాత్రం తెల్లగా కుట్టినట్టుందని, దూరంగా పడవ ఒకటి ఉందో లేదో తెలియనట్టుందని, ఒక కుర్రజంట గొడుగు కింద కూర్చుని ఎండకంటే ఎక్కువ ఏదో దాచుకుంటున్నారని చెప్పాను. చివరి మాటకు ఆయన నవ్వారు.

“మనం అలా ఎప్పుడూ కూచోలేదే.”

“మీకు ఎప్పుడు తీరిక? ఎప్పుడు చూసినా ఆ మిషన్ల దగ్గరే.”

“నువ్వు మాత్రం? క్లాసు క్లాసు అంటూ...”

గాలికి నా మాట సగం కొట్టుకుపోతోంది. ఆయన వంగి చెవి నా దగ్గరకు పెట్టి, “మళ్ళీ చెప్పు,” అన్నారు. ఆవిడ శబ్దం పెంచి మళ్ళీ నొక్కింది. అలా ఒకరినొకరు తప్పు పట్టుకుంటుండగా వేరుశనక్కాయల గంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ వచ్చి ఆగింది. కొంగు కింది నుంచి మాట వస్తుంటే వింతగా వంగి చూసింది.

“ఏంటండి బాబూ, ఆ పెట్టె మాటాడతంది?”

“పెట్టె కాదమ్మా,” అన్నారు అబ్బులుగారు, అటు తిరగకుండానే. “మా ఆవిడండి.”

 రత్నంగారు వేళ్ళు కీబోర్డు మీదే ఉంచి సముద్రం వంక చూసింది. తరవాత రెండు పొట్లాలు కట్టమని నా చేత చెప్పించింది.